కంప్యూటర్ లేవకపోతే ఫైళ్లు పోయినట్టేనా?

2024 జులై 19న ప్రపంచమంతటా విమానాశ్రయాల్లో, ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో కంప్యూటర్లు ఒక్కసారిగా నీలి తెర చూపించి, తమంతట తామే మళ్లీ మొదలై, మళ్లీ ఆ నీలి తెర దగ్గరే ఆగిపోయాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ ఇందుకు కారణమని కొద్ది గంటల్లోనే తేలింది. దెబ్బతిన్న విండోస్ కంప్యూటర్లు సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అన్ని లక్షల యంత్రాలు లేవకుండా పడి ఉన్నా, వాటి డిస్కుల మీద ఉన్న పత్రాలు, ఫొటోలు, లెక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. యంత్రాన్ని అతి అవసరమైన భాగాలతో మాత్రమే లేచే సేఫ్ మోడ్‌లో గానీ రికవరీ తెర నుంచి గానీ తెరిచి, పేరులో 291 అనే సంఖ్య ఉన్న ఒక చిన్న ఫైల్‌ను తొలగిస్తే చాలు, అది మామూలుగా లేచింది. అయినా ఆ పనికి కొన్నిచోట్ల రోజులు పట్టింది. ఒక్కో యంత్రం దగ్గరికీ మనిషి వెళ్లవలసి రావడం ఒక కారణమైతే, చాలా డిస్కులకు వేసి ఉన్న బిట్‌లాకర్ తాళానికి రికవరీ కీ చేతికందకపోవడం మరో కారణం.

"కంప్యూటర్ పోయింది" అని మనం ఒక్క మాటలో తేల్చేసే సంగతిలో నిజానికి రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. యంత్రం ఎందుకు లేవడం లేదన్నది ఒకటి, అందులోని ఫైళ్లు ఏ స్థితిలో ఉన్నాయన్నది మరొకటి. మొదటిదానికి జవాబు తెలియకుండానే రెండోదాన్ని చక్కబెట్టుకోగలిగిన సందర్భాలు ఎక్కువ. మొదటిదాన్ని చక్కబెట్టే తొందరలో రెండోదాన్ని చేజేతులా పాడుచేసుకున్న సందర్భాలూ తక్కువేమీ కావు.

పవర్ బటన్ నుంచి డెస్క్‌టాప్ దాకా

బటన్ నొక్కగానే మేల్కొనేది విండోసో లినక్సో కాదు. మదర్‌బోర్డు మీది ఒక చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామ్ ముందుగా పని అందుకుంటుంది. 1981 నాటి ఐబీఎం పీసీ కాలం నుంచి దీన్ని బయోస్ అంటున్నారు. ఇప్పటి యంత్రాల్లో దాని స్థానంలో యూఈఎఫ్‌ఐ వచ్చినా పాత పేరే అందరి నోటా నిలిచిపోయింది. ఇది ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను, కీబోర్డును, డిస్కులను పలకరించి చూసుకుని, ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలో నిర్ణయించుకుంటుంది. ఆ డిస్క్‌లో విడిగా కేటాయించిన ఒక చిన్న భాగంలో, అంటే పార్టిషన్‌లో, బూట్‌లోడర్ ఉంటుంది. ఆ బూట్‌లోడర్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగమైన కెర్నెల్‌ను ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది, కెర్నెల్ పరికరాలను నడిపే డ్రైవర్లను లేపుతుంది, చివరకు లాగిన్ తెర వస్తుంది.

ఈ వరసలో ఏ ఒక్క అంచె తప్పినా బయటికి కనిపించే ఫలితం ఒకటే, కంప్యూటర్ లేవలేదన్నది. ఫైళ్ల సంగతికి వస్తే మాత్రం ఏ అంచె దగ్గర ఆగిందన్నదాన్ని బట్టి అర్థం పూర్తిగా మారిపోతుంది. బటన్ నొక్కితే లైటు వెలగక, ఫ్యాన్ తిరగకపోతే లోపం ఛార్జర్‌లోనో, పవర్ సప్లైలోనో, మదర్‌బోర్డులోనో ఉంటుంది. డిస్క్‌కు అసలు కరెంటే అందలేదు కనుక అది క్షేమంగా ఉండే అవకాశమే ఎక్కువ. ఫ్యాన్ తిరిగి, తెర నల్లగా ఉండి, బీప్ శబ్దాలు వినిపిస్తే అనుమానం ముందు ర్యామ్ మీదికి పోతుంది. నీలి తెర గానీ, కంపెనీ లోగో దగ్గర గుండ్రంగా తిరిగే చుక్కలు గానీ కనిపిస్తున్నాయంటే డిస్క్ నుంచి కొంతైనా చదవడం జరుగుతోందన్నమాట, అది మంచి సూచనే.

బూట్ చేయదగిన పరికరమేదీ దొరకలేదనే సందేశం మాత్రం తికమక పెడుతుంది. బయోస్‌లో డిస్కుల వరస మారిపోయినా, బూట్‌లోడర్ ఉన్న చిన్న పార్టిషన్ చెడినా, డిస్క్ కేబుల్ వదులైనా, డిస్క్ పూర్తిగా చచ్చిపోయినా ఈ సందేశమే వస్తుంది. వీటిని విడదీసే ఆనవాలు ఒకటుంది. బయోస్ తెరలో డిస్క్ పేరు, దాని సరైన పరిమాణం కనిపిస్తున్నాయా అన్నది. కనిపిస్తే డిస్క్ కనీసం మాట్లాడుతోంది. పేరు కనిపించకపోయినా, 500 జీబీ డిస్క్ తన పరిమాణాన్ని సున్నాగా చెప్పుకున్నా సమస్య డిస్క్‌లోనో, దాన్ని కలిపే తీగలోనో ఉన్నట్టు.

డిస్క్ మీద ఫైల్ ఎలా ఉంటుంది

మనకు ఒకే వస్తువులా కనిపించే ఫైల్ డిస్క్ మీద రెండు చోట్ల ఉంటుంది. అసలు సమాచారం ఒకచోట, ఆ సమాచారం ఎక్కడుందో చెప్పే చిట్టా మరొకచోట. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఈ చిట్టాను మాస్టర్ ఫైల్ టేబుల్ అంటారు. అందులో ఒక్కో ఫైల్‌కు సాధారణంగా 1,024 బైట్ల పద్దు ఉంటుంది. ఫైల్ పేరు, ఏ ఫోల్డర్‌కు చెందింది, ఎప్పుడు మారింది, ఎంత పొడవు, డిస్క్‌లో ఏయే ముక్కల్లో ఉంది అన్నవి ఆ పద్దులో రాసి ఉంటాయి.

ఒక లెక్క చూద్దాం. 3 ఎంబీ ఫొటో ఒకటి ఉందనుకుంటే, 4 కేబీ చొప్పున దాన్ని 768 ముక్కల్లో సర్దాలి. డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడు అవన్నీ పక్కపక్కనే పడతాయి. డిస్క్ నిండిపోయే దశలో ఉంటే మొదటి 300 ఒకచోట, తర్వాతి 400 ఇంకెక్కడో, మిగిలిన 68 మరో మూల సర్దుకుంటాయి. చిట్టాలోని పద్దు చెక్కుచెదరకుండా ఉంటే ఇదంతా మనకు తెలియను కూడా తెలియదు. ఆ పద్దు చెడిపోతే 768 ముక్కలూ భద్రంగా ఉన్నా, అవి ఏ ఫైల్‌వో, ఏ వరసలో అతకాలో చెప్పేది ఉండదు. పార్టిషన్ల పట్టిక చెడితే ఇదే చిక్కు మరో మెట్టు పైన వస్తుంది, డిస్క్ మొత్తం ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది.

త్వరిత ఫార్మాట్ చేసినప్పుడు జరిగేది కూడా ప్రధానంగా చిట్టాను కొత్తగా రాయడమే. విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ మాత్రం డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. ఆ తర్వాత వెతకడానికి ఏమీ మిగలదు. పేర్లు దాదాపు ఒకటే, పర్యవసానాలకు మాత్రం పొంతన లేదు.

బాగుచేయడం రాసే పని, కాపాడడం చదివే పని

అసలు వివాదం ఇక్కడ మొదలవుతుంది. యంత్రాన్ని తిరిగి లేపడానికి ఉన్న సాధనాల్లో చాలావరకు డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తాయి. స్టార్టప్ రిపేర్ బూట్ సమాచారాన్ని తిరగరాస్తుంది. విండోస్‌ను మళ్లీ వేస్తే అనేక గిగాబైట్లు కొత్తగా రాయాలి. విండోస్‌లోని చెక్ డిస్క్ అనే సాధనాన్ని మరమ్మతు ఎంపికతో నడిపితే, అది చిట్టాలోని పొసగని పద్దులను తనకు తోచినట్టు సరిదిద్ది, ఏ ఫోల్డర్‌కూ చెందని ముక్కలను ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో పేరూ ఊరూ లేని ఫైళ్లుగా పడేస్తుంది. చెక్ డిస్క్‌ను ఇందుకు తప్పుపట్టలేం. డిస్క్‌ను మళ్లీ పొందికైన స్థితికి తేవడమే దాని బాధ్యత. మీ ఫైళ్లన్నిటినీ నిలపడం ఆ బాధ్యతలో భాగం కాదు, అవసరమైతే కొన్నిటిని వదులుకునైనా అది డిస్క్‌ను పొందికలోకి తెస్తుంది.

ముందు ఫైళ్లను మరోచోటికి చేర్చి, ఆ తర్వాతే మరమ్మతు మాట ఎత్తాలని ఒక వర్గం అంటుంది. డేటా రికవరీ వృత్తిలో ఉన్నవారు దాదాపు అందరూ ఈ పక్షమే. వారి దగ్గరికి వచ్చే డిస్కుల్లో చాలావాటిని వచ్చేలోపే ఎవరో ఒకరు బాగుచేయబోయి ఉంటారు కనుక వారి అనుభవం అటే మొగ్గుతుంది. లోపం ఎక్కడుందో తెలిసినప్పుడు నేరుగా దాన్నే సరిచేయడం మేలని రెండో వర్గం వాదిస్తుంది. క్రౌడ్‌స్ట్రైక్ ఉదంతం వారికి బలమైన ఆధారం. ఒక ఫైల్ తీసేస్తే తీరే సమస్యకు 85 లక్షల డిస్కులను కాపీ చేసుకుంటూ కూర్చోవడం అర్థం లేని పని. పెద్ద కార్యాలయాల్లో పత్రాలు ఎలాగూ సర్వర్లలో ఉంటాయి కాబట్టి అక్కడ యంత్రాన్ని లేపడమే ముఖ్యం.

రెండు వాదనలూ నిజమే, అవి నిలబడే నేలలు వేరు. కారణం ఫలానా అని తెలిసి, డిస్క్ ఆరోగ్యం మీద అనుమానం లేక, ఫైళ్లకు మరో నకలు ఉన్నప్పుడు మరమ్మతుతో మొదలుపెట్టడంలో ప్రమాదం స్వల్పం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మొదటి వర్గం మాటే బరువైనదని నా అభిప్రాయం. ఒంటరి నకలున్న ఇంటి ల్యాప్‌టాప్‌లో సాధారణంగా మూడూ లోపిస్తాయి.

మధ్యలో ఉన్న ఒక ఎంపిక గురించి అపోహ ఎక్కువ. విండోస్‌లో పీసీని రీసెట్ చేస్తూ ఫైళ్లను ఉంచేయమనే వీలుంది. అది యూజర్ ఫోల్డర్లలోని పత్రాలను ఉంచి, వేసుకున్న ప్రోగ్రామ్‌లను తీసేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ మీద చాలాసార్లు చెప్పినట్టే పనిచేస్తుంది. దాని పక్కనే ఉండే, అన్నీ తొలగించే ఎంపికకూ దీనికీ మధ్య ఒక్క క్లిక్ దూరం. అంతకన్నా పెద్ద చిక్కు, చెడిపోతున్న డిస్క్ మీద రీసెట్ సగంలో ఆగిపోతే పరిస్థితి మొదటికన్నా జటిలమవుతుంది.

డిస్క్‌ను పక్కదారిన చదవడం

డిస్క్ బాగుండి, దాని మీది ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే లేవనప్పుడు మరో ఆపరేటింగ్ సిస్టమ్‌తో అదే డిస్క్‌ను చదవవచ్చు. ఇందుకు రెండు దారులున్నాయి. ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీద పెట్టి, ఆ పెన్‌డ్రైవ్ నుంచే అదే కంప్యూటర్‌ను లేపడం మొదటిది. లోపలి డిస్క్‌ను ముట్టుకోకుండా లినక్స్ మొత్తం పెన్‌డ్రైవ్, ర్యామ్‌ల మీదే నడుస్తుంది. ఆ డెస్క్‌టాప్ నుంచి లోపలి డిస్క్‌ను తెరిచి, ఫైళ్లను బయటి డిస్క్‌కు కాపీ చేసుకోవచ్చు. మదర్‌బోర్డే చచ్చిపోతే ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు డిస్క్‌ను ఊడదీసి, యూఎస్‌బీ అడాప్టర్ ద్వారా మరో కంప్యూటర్‌కు తగిలిస్తారు. తిరిగే పళ్లేలకు బదులు చిప్‌లలో సమాచారం దాచే డిస్కులు ఎస్‌ఎస్‌డీలు. చూయింగ్ గమ్ రేకులా సన్నగా ఉండే ఎం.2 రకం ఎస్‌ఎస్‌డీల్లో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు జాతులున్నాయి. చూపుకు దాదాపు ఒకేలా ఉన్నా ఒకదాని కోసం చేసిన అడాప్టర్‌లో రెండోది పలకదు. మంచి డిస్క్‌ను చెడిపోయిందనుకోవడానికి ఇదొక మామూలు కారణం.

కాగితం మీద సులువుగా ఉన్న ఈ పద్ధతిలో చిక్కులు లేకపోలేదు. ఇంటెల్ వీఎండీ అనే ఏర్పాటు ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లలో పెన్‌డ్రైవ్ నుంచి లేచిన వ్యవస్థకు లోపలి డిస్క్ ఒక్కోసారి కనిపించనే కనిపించదు, తగిన డ్రైవర్ లేకపోవడమే అందుకు కారణం. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల మరో తిరకాసు ఏర్పడుతుంది. షట్ డౌన్ చేసినా విండోస్ పూర్తిగా నిద్రపోక, సగం పని డిస్క్ మీద భద్రపరచుకుని ఉంటుంది. అటువంటి డిస్క్‌ను లినక్స్ రాయడానికి తెరవదు, చదవడానికి మాత్రమే తెరుస్తుంది. ఫైళ్లను కాపాడుకునేవారికి నిజానికి కావలసింది అదే అయినా, ఆ హెచ్చరిక చూసి కంగారుపడి బలవంతంగా తెరిచే ఆదేశాలు వాడేవారున్నారు.

ఇంకో ఆశ్చర్యం క్లౌడ్ ఫోల్డర్ల దగ్గర ఎదురవుతుంది. వన్‌డ్రైవ్ వంటి సేవలు స్థలం ఆదా చేయడానికి కొన్ని ఫైళ్లకు పేరు, గుర్తు మాత్రమే డిస్క్ మీద ఉంచి, అసలు సమాచారాన్ని సర్వర్‌లో దాస్తాయి. పక్కదారిన డిస్క్‌ను తెరిచినవారికి ఆ పేర్లు వరసగా కనిపిస్తాయి, కాపీ చేయబోతే తప్పు సందేశం వస్తుంది. ఫైల్ చెడిపోలేదు, అది ఆ డిస్క్ మీద లేనే లేదు. అదే ఖాతాతో ఫోన్‌లోనో, మరో కంప్యూటర్‌లోనో చూస్తే అక్కడే దొరుకుతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు తమకు తెలియకుండానే క్లౌడ్‌లోకి వెళుతున్నాయని ఈ సందర్భంలోనే మొదటిసారి తెలుసుకునేవారు చాలామంది.

అనుమతి వేరు, తాళం వేరు

ఊడదీసిన డిస్క్‌ను మరో విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే, యూజర్ ఫోల్డర్ తెరవబోయినప్పుడు అనుమతి లేదనే సందేశం వస్తుంది. చాలామంది దీన్ని ఎన్‌క్రిప్షన్ అని పొరబడతారు. అది పాత కంప్యూటర్‌లోని యూజర్ పేరు మీద రాసిన హక్కుల జాబితా మాత్రమే. అడ్మినిస్ట్రేటర్ హోదా ఉన్నవారు ఆ హక్కులను తమ పేరుకు మార్చుకోగలరు, లినక్స్ సాధారణంగా వాటిని పట్టించుకోను కూడా పట్టించుకోదు. లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉన్న కంప్యూటర్‌లో ఫైళ్లకు ఉన్న రక్షణ ఇంతే.

ఎన్‌క్రిప్షన్ అలా కాదు. డిస్క్ మీద రాసి ఉన్న ప్రతి బైటూ కీ లేనిదే అర్థంలేని అంకెల గుట్ట. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్ ఈ పని చేస్తాయి. బిట్‌లాకర్ కీ మామూలు రోజుల్లో మదర్‌బోర్డుకు అనుబంధంగా ఉండే టీపీఎం చిప్ చేతిలో ఉంటుంది. అంతా సవ్యంగా ఉందని తోస్తే అది కీని అడగకుండానే ఇస్తుంది, అందువల్లే తమ డిస్క్‌కు తాళం ఉన్నట్టు చాలామందికి తెలియదు. మదర్‌బోర్డు మారినా, డిస్క్ మరో యంత్రంలోకి వెళ్లినా ఆ చిప్ దగ్గర ఉండదు కనుక 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

ఆ 48 అంకెలను కొంచెం దగ్గరగా చూస్తే ముచ్చటగా ఉంటుంది. అవి ఆరేసి అంకెల ఎనిమిది గుంపులు. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగింపబడాలన్నది నియమం. ఉదాహరణకు 345675 అనే గుంపు తీసుకుందాం. అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడుతూ, తీసివేస్తూ పోతే 3–4+5–6+7–5 సున్నా అవుతుంది, అంటే అది 11తో భాగింపబడుతుంది. చివరి 5ను 6గా చదివి కొడితే లెక్క తప్పుతుంది. పక్కపక్క అంకెలు తారుమారై 354675 అయినా తప్పుతుంది. కాగితం మీద చేత్తో రాసుకున్న కీలో ఏ గుంపు దగ్గర పొరబాటు పడిందో ఈ లెక్కతోనే కనిపెట్టవచ్చు. కీ మొత్తం పోయినప్పుడు మాత్రం ఈ చమత్కారం ఎందుకూ కొరగాదు. ఒక్కో గుంపుకు 65,536 అవకాశాలుంటే, అలాంటివి ఎనిమిదింటిని ఊహతో పట్టుకోవడం ఏ డేటా రికవరీ ల్యాబ్‌కూ సాధ్యం కాదు. కీ నకలు మైక్రోసాఫ్ట్ ఖాతాలోనో, ఉద్యోగం చేసే చోట ఐటీ విభాగం దగ్గరో, ఎప్పుడో ప్రింట్ తీసుకున్న కాగితం మీదో దొరికితే డిస్క్ తెరుచుకుంటుంది, లేకపోతే లేదు.

తాళం యజమానికి తెలియకుండానే పడాలా అన్నది ఇప్పుడు నడుస్తున్న చర్చ. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 అనే వెర్షన్‌తో, కొత్తగా వేసినప్పుడు తానే ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టగల కంప్యూటర్ల పరిధి పెరిగింది. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడినా ఫైళ్లు పడవు అన్నది అనుకూలుర వాదన, అది కాదనలేనిది. దొంగతనం కన్నా మదర్‌బోర్డు చెడడం, ఖాతా పాస్‌వర్డ్ మరచిపోవడమే మామూలు మనిషికి తరచూ జరిగే ఆపదలని, అవి సంభవించినప్పుడు ఈ రక్షణే యజమానిని బయట నిలబెడుతుందని మరోపక్షం అంటుంది. మ్యాక్‌ల విషయంలో ఈ చర్చ చాలావరకు ముగిసిపోయింది. 2018 నాటికి మ్యాక్‌బుక్‌లలోకి వచ్చిన టీ2 చిప్, 2020 నుంచి వచ్చిన ఆపిల్ సొంత ప్రాసెసర్లు నిల్వను ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ చేసే ఉంచుతాయి. కీ ఆ చిప్‌కే ముడిపడి ఉంటుంది, మ్యాక్‌బుక్‌లలో ఆ నిల్వ చిప్‌లు బోర్డుకే అతికి ఉంటాయి. అక్కడ డిస్క్ ఊడదీసి చదవడమన్న మాటకే తావు లేదు, ఆ బోర్డును బతికించడం ఒక్కటే దారి.

డిస్కే అలిసిపోయినప్పుడు

ఇంతవరకు డిస్క్ బాగుందనుకుని మాట్లాడుకున్నాం. హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్లేల మీద, కొద్ది నానోమీటర్ల ఎత్తులో రీడ్ హెడ్ తేలుతూ ఉంటుంది. 7,200 సార్లు తిరిగే డెస్క్‌టాప్ డిస్క్ పళ్లెం అంచు గంటకు 120 కి.మీ.కు మించిన వేగంతో ఆ హెడ్ కింద నుంచి దూసుకుపోతుంది. ఆ సందులో ధూళికణం కూడా కొండలాంటిదే. లయగా టిక్, టిక్ మని కొట్టుకుంటూ ఆగిపోయే శబ్దం వినిపిస్తోందంటే, హెడ్ తన దారి వెతుక్కోలేక మళ్లీ మళ్లీ మొదటికి వస్తోందని అర్థం. ఆ స్థితిలో కరెంటు ఇచ్చిన ప్రతి నిమిషమూ పళ్లెం మీద గీతలు పెంచవచ్చు.

డిస్క్ తన ఆరోగ్యం గురించి స్మార్ట్ అనే పద్దులో కొంత చెబుతుంది. చెడిన చోట్లకు బదులు వాడిన స్థలాలెన్ని, చదవలేక పెండింగ్‌లో పడినవెన్ని అన్న లెక్కలు అందులో ముఖ్యం. ఆ సంఖ్యలు పెరుగుతుంటే ఆందోళనకు కారణముంది. పెరగకపోతే నిశ్చింతగా ఉండవచ్చా అంటే, లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజినీర్లు 2007లో ప్రచురించిన పత్రం ఉండకూడదనే చెబుతోంది. పాడైన డిస్కుల్లో సగానికి పైగా నాలుగు ప్రధాన సూచికల్లో ఒక్కదానిలోనూ హెచ్చరిక చూపలేదు.

టిక్కుమనకుండా, చదవడం మాత్రం నత్తనడకగా మారిన డిస్క్ విషయంలో కాలమే అసలు పెట్టుబడి. 1 టీబీ డిస్క్‌ను సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివితే 10,000 సెకన్లు, అంటే సుమారు 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. అదే డిస్క్‌లో 5,000 చెడ్డ చోట్లుండి, ఒక్కోదాని దగ్గర 10 సెకన్లు కుస్తీ పడితే ఆ కుస్తీకే 50,000 సెకన్లు, దాదాపు 14 గంటలు పోతాయి. మామూలుగా ఫోల్డర్‌ను లాగి కాపీ చేసినప్పుడు మొదటి చెడ్డ చోటు దగ్గరే కాపీ స్తంభించి, ఓపిక ఉన్న కొద్ది గంటలూ అక్కడే కరిగిపోతాయి. డీడీరెస్క్యూ అనే లినక్స్ సాధనం ఈ వరసను తిరగేస్తుంది. సులువుగా వచ్చేదాన్నంతా ముందు తెచ్చుకుని, మొరాయించిన ప్రాంతాలను దాటేసి, వాటి చిరునామాలను ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుని, చివర్లో మళ్లీ వాటి దగ్గరికి వస్తుంది. డిస్క్ మధ్యలో చచ్చిపోయినా అప్పటికి అత్యధిక భాగం చేతికి వచ్చేసి ఉంటుంది. అది ఫైళ్లను కాకుండా డిస్క్ మొత్తాన్ని బైటుకు బైటుగా తెస్తుంది కాబట్టి నకలు పట్టే చోటు అసలు డిస్క్ కన్నా చిన్నది కాకూడదు. ఆ నకలు మీద ఎన్ని ప్రయోగాలు చేసినా అసలుకు హాని లేదు.

డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెడితే పనిచేస్తుందనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. పూర్వపు డిస్కుల్లో బిగుసుకున్న భాగాలు చల్లబడి కాసేపు వదులయ్యాయని చెప్పేవారున్నారు, వారిని అబద్ధాలకోరులనలేం. బయటికి తీయగానే పట్టే చెమ్మ ఇప్పటి డిస్క్‌లకు చేసే హాని మాత్రం ఆ లాభం కన్నా చాలా పెద్దది. అదే మోడల్ డిస్క్ సర్క్యూట్ బోర్డును తెచ్చి మార్చే పద్ధతికీ కాలం చెల్లింది. ఆ ఒక్క డిస్క్‌కే వర్తించే సర్దుబాట్లు బోర్డు మీది చిన్న చిప్‌లో ఉండడం వల్ల, దాన్ని కూడా కొత్త బోర్డుకు మార్చనిదే డిస్క్ పలకదు.

ఎస్‌ఎస్‌డీల తీరు వేరు. తిరిగే భాగాలు లేవు, శబ్దం లేదు, చాలాసార్లు ముందస్తు హెచ్చరికా లేదు. సమాచారం ఏ చిప్‌లో ఏ మూల ఉందో దాని కంట్రోలర్‌కు మాత్రమే తెలుసు. చిప్‌ల అరుగుదల సమంగా ఉండడానికి అది సమాచారాన్ని ఎప్పటికప్పుడు చోటు మారుస్తూ ఉంటుంది. కంట్రోలర్ పోతే చిప్‌లలోని సమాచారం బాగున్నా జాడ తెలియదు. పైగా ట్రిమ్ అనే ఆదేశం ఒకటుంది. ఫైల్‌ను తొలగించినా, పార్టిషన్‌ను త్వరిత ఫార్మాట్ చేసినా ఆ చోటు ఇక అక్కరలేదని ఎస్‌ఎస్‌డీకి చెప్పడమే దాని పని, ఆ మాట అందుకున్నాక అది తీరిక చూసుకుని నిజంగానే తుడిచేస్తుంది. లేవని కంప్యూటర్‌లో ఎవరూ ఏమీ తొలగించలేదు కాబట్టి ట్రిమ్ భయం మొదట్లో లేదు. పార్టిషన్ చెరిపి విండోస్ మళ్లీ వేసిన క్షణం నుంచి ఉంటుంది. హార్డ్ డిస్క్ మీద అదే పొరపాటు జరిగితే కొత్త విండోస్ ఆక్రమించిన చోటు పోయి, మిగతాది వెతకడానికి మిగులుతుంది. ఎస్‌ఎస్‌డీ మీద ఆ మిగతాది కూడా పోతుంది.

సొంతంగానా, ల్యాబ్ చేతికా

టిక్కుమనే డిస్క్‌ను తెరిచే పని ధూళిని వడకట్టిన గాలి ఉండే క్లీన్ రూమ్‌లో జరగాలన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. నత్తనడక డిస్క్ దగ్గరే తగవు. డీడీరెస్క్యూ వంటి సాధనాలతో ఓపికున్నవారు ఇంట్లోనే చాలావరకు తెచ్చుకోగలరని ఒక పక్షం అంటుంది. ల్యాబ్‌ల దగ్గర చదివే వేగాన్ని, మళ్లీ ప్రయత్నించే సంఖ్యను, ఒక్కో హెడ్‌ను విడిగా అదుపుచేసే పరికరాలున్నాయని, బలహీనమైన డిస్క్‌కు ఉన్న కొద్దిపాటి ఆయుష్షును ఇంటి ప్రయత్నం తినేస్తుందని మరో పక్షం హెచ్చరిస్తుంది. ఈ హెచ్చరికలో వ్యాపార ప్రయోజనం ఉన్నమాట నిజమే, అంతమాత్రాన అది అబద్ధమైపోదు. ఆ ఫైళ్లు మళ్లీ సంపాదించగలిగేవా కాదా అన్నదే తూకం ఎటు మొగ్గాలో నిర్ణయిస్తుంది. ల్యాబ్‌లు కూడా ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించలేవు, గీతలు పడి ఊడిపోయిన అయస్కాంత పొరను తిరిగి అతికించలేవు.

తిరిగి వచ్చిందంటే ఏం వచ్చినట్టు

చిట్టా బతికి ఉంటే ఫైళ్లు తమ పేర్లతో, ఫోల్డర్లతో, తేదీలతో వస్తాయి. పార్టిషన్ పట్టిక ఒక్కటే చెడితే టెస్ట్‌డిస్క్ వంటి సాధనం పాత పార్టిషన్ల హద్దులను గుర్తించి చూపగలదు. చిట్టా కూడా పోయినప్పుడు ఫోటోరెక్ తరహా సాధనాలు డిస్క్‌ను మొదటి నుంచి చివరి దాకా చదువుతూ, ప్రతి రకం ఫైల్ తలకట్టులో ఉండే ఆనవాళ్లను వెతుకుతాయి. జేపెగ్ ఫొటో హెక్సాలో ఎఫ్‌ఎఫ్, డీ8, ఎఫ్‌ఎఫ్ అనే మూడు బైట్లతో మొదలవుతుంది. వర్డ్ డాక్స్ ఫైల్ నిజానికి ఒక జిప్ కట్ట కాబట్టి పీకే అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. అక్కడ నుంచి వరసగా ఉన్నదాన్ని ఒక ఫైల్‌గా కత్తిరించి, ఎఫ్ అనే అక్షరం పక్కన డిస్క్‌లో దొరికిన చోటి సంఖ్యను చేర్చి పేరు పెడతాయి. పెళ్లి ఫొటోలు, స్క్రీన్‌షాట్లు, వెబ్ పేజీల బొమ్మలు అన్నీ అటువంటి అంకెల పేర్లతో ఒకే కుప్పగా పోగవుతాయి.

ఇందాకటి 768 ముక్కల ఫొటో మూడు చోట్ల పడి ఉందనుకుంటే, ఈ పద్ధతికి మొదటి 300 ముక్కలే సరిగ్గా దొరుకుతాయి. ఫైల్ తెరుచుకుంటుంది, పై సగానికి కొంచెం తక్కువగా మనుషుల తలలు స్పష్టంగా కనిపిస్తాయి, అక్కడి నుంచి కిందంతా బూడిదరంగు పట్టీయో, మరో ఫైల్ తాలూకు రంగురంగుల గీతలో ఉంటాయి. చెడ్డ చోట్లను దాటేసి తెచ్చిన నకల్లో మరో రకం మోసం ఉంది. ఫైల్ పేరు సరిగ్గా ఉంటుంది, పరిమాణం అక్షరాలా సరిపోతుంది, చదవలేని చోట మాత్రం సున్నాలుంటాయి. జాబితాలో చూస్తే మంచి ఫైల్‌కూ దానికీ తేడా కనిపించదు. డీడీరెస్క్యూ రాసుకున్న మ్యాప్ ఫైల్‌లోని చెడ్డ చిరునామాలను చిట్టాలోని ముక్కల చిరునామాలతో పోల్చితే ఏ ఫైళ్లు అలా బోలుగా ఉన్నాయో తేలుతుంది. ఆ పోలిక చేయనివారికి ఒక్కో ఫైల్‌నూ తెరిచి చూసినప్పుడే తెలుస్తుంది.